వేలిముద్ర ముందా, వ్రాత ముందా?

కామారెడ్డిలో రామారెడ్డి బస్సు ఎక్కినవారిని ‘ఎక్కడికి?’ అని అడుగనక్కరలేదు. చేతిలో ఎరువుల చీటీయో పాసుపుస్తకమో ఉన్నవాడు ఇంటికి పోతున్నాడు. కొబ్బరికాయల సంచి ఉన్నవాడు కాలభైరవుని దర్శనమునకు పోతున్నాడు. ఇసన్నపల్లి, రామారెడ్డి ఆనుకొని ఉన్న ఊళ్ళు. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడిన తరువాత రామారెడ్డి మండల కేంద్రమైనది గాని, అంతకు ఎన్నో తరముల ముందు నుండి ఆ ఊళ్ళకు పేరు తెచ్చినవాడు కాలభైరవస్వామియే. కార్తిక మాసములో అక్కడ జరిగే ఉత్సవమునకు చుట్టుప్రక్కల జిల్లాల వారందరు తరలివస్తారు.

కాలభైరవుడు కాశీ నగరమునకు కొత్వాలు అని మనవారి నమ్మకము. కాశీలో కన్నుమూసినవానిపై యమధర్మరాజునకు అధికారము లేదట. వాని పాపపుణ్యముల విచారణ కాలభైరవుడే చేస్తాడట. అదియును ఒక్క క్షణములో ముగిస్తాడట. సాక్షుల వాయిదాలు లేవు, పత్రముల దాఖలా లేదు. మానవమాత్రులైన కొత్వాళ్ళకు అట్టి వరము లేదు. వారికి నేరము ఋజువు చేయుటకు సాక్ష్యము కావలె. మోసము విషయములో సాక్ష్యమంటే ముఖ్యముగా కాగితము. ఆ కాగితమును చదువుటకు ఒక ప్రత్యేకమైన చదువు కావలె. ఆ చదువును గురించియే ఈ నాలుగు మాటలు.

దొంగతనమునకు, మోసమునకు ఒక పెద్ద భేదమున్నది. దొంగ వచ్చిపోయిన ఇంట గోడకు కన్నముంటుంది, విరిగిన తాళముంటుంది. చూచినవానికెల్ల నేరము జరిగినదని తెలుస్తుంది. మోసము జరిగినచోట అట్లా కాదు. అన్నియు సవ్యముగా ఉంటవి. సంతకముంటుంది, సాక్షులుంటారు, స్టాంపు ఉంటుంది, తేదీ ఉంటుంది. సవ్యముగా ఉండడమే మోసమునకు ప్రాణము. కనుక ఇతర నేరముల పరిశోధకుడు ‘ఏది చెడినది?’ అని వెదకితే, మోసమును పరిశోధించేవాడు ‘ఇంత చక్కగా ఎట్లా ఉన్నది?’ అని వెదకవలసి వస్తుంది. ఇది స్వభావసిద్ధముగా అబ్బే విద్య కాదు, నేర్చుకొనవలసినది.

శిక్షణాలయములలో బోధకులు కల్పిత వ్యవహారములను విద్యార్థుల ముందు పెట్టి పాఠము చెప్పడము కద్దు. నేనును అట్టిదే ఒకటి కల్పించి చెబుతాను. ఇందులోని మనుష్యులు ఎవరూ నిజముగా లేరు. వ్యవహారము మాత్రము మన పల్లెలకు కొత్తది కాదు.

రామారెడ్డి ప్రక్కన ఒక రైతు 2012 జూనులో ఒక షావుకారు వద్ద రెండు లక్షలు అప్పు తీసుకొని ప్రామిసరీ నోటు వ్రాసి ఇచ్చినాడు. చదువు రానివాడు గనుక వేలిముద్ర వేసినాడు. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేండ్లని పల్లెటూరి పిల్లవానికి కూడ తెలుసును. ఆ గడువు దాటకముందే బాకీలో కొంత ముట్టినట్లు నోటు వెనుక చెల్లు వ్రాసి, బాకీదారుని సంతకమో వేలిముద్రయో తీసుకొంటే, ఆ తేదీ నుండి మరల మూడేండ్లు లెక్కకు వస్తవి. రైతు 2016లో చనిపోయినాడు. 2018 మార్చిలో షావుకారు కోర్టులో దావా వేసినాడు. నోటు వెనుక 2015 మే నెల తేదీతో వేయి రూపాయల చెల్లు ఉన్నది. దాని క్రింద వేలిముద్ర ఉన్నది. రైతు కొడుకు లబోదిబోమంటూ పోలీసు స్టేషనుకు వచ్చి, “మా బాపు ఈ బాకీ ఎన్నడో కట్టిండు సార్. ఈ చెల్లు దొంగది,” అన్నాడు.

ఇప్పుడు పరిశోధకుడు చేయవలసినదేమి? చనిపోయినవాని వేలు ఇక దొరకదు. అయితే రైతు ఎప్పుడో ఒక ఎకరము అమ్మియో కొనియో ఉంటాడు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములో అతని వేలిముద్ర ఉంటుంది. దానిని తెప్పించి, నోటు వెనుకనున్న ముద్రతో పోల్చి చూపించినారు. రెండూ ఒకే వేలివి! చెల్లు నిజమేనని తేలినది. ఫిర్యాదు అబద్ధమని ఫైలు మూసినారు. రెండెకరాల మడి వేలమునకు వచ్చినది.

విద్య లేని పరిశోధన ఇక్కడ ఆగిపోతుంది. విద్య గలవాడు ఇంకొక ప్రశ్న వేస్తాడు. వేలిముద్ర రైతుదే కావచ్చును. కాని వేలిముద్ర ముందా, వ్రాత ముందా? నోటు వ్రాసిన నాడే షావుకారు ‘ఎందుకైనా మంచిది’ అని కాగితము వెనుక కూడ ఒక ముద్ర వేయించుకొని ఉంటే? ఆ ఖాళీ జాగాలో, గడువు దాటి, రైతు పోయిన తరువాత, తీరికగా తనకు కావలసిన తేదీతో చెల్లు వ్రాసుకొని ఉంటే? అప్పుడు ముద్ర నిజము, చెల్లు అబద్ధము. నిజమైన వేలిముద్రతోనే దొంగపత్రము పుట్టినదన్నమాట.

ఈ ప్రశ్నకు జవాబు కాగితమే చెబుతుంది. అడిగే పద్ధతిలో అడుగవలె. అక్షరపు గీత వేలిముద్ర రేఖలను దాటిపోయినచోట సూక్ష్మదర్శినిలో చూస్తే, ఏ సిరా పైన ఉన్నదో కొన్ని సందర్భములలో కనిపెట్టవచ్చును. గీత, ముద్ర ఎక్కడా కలియకుంటే మరొక జాడ వెదకవలె. సహజముగా వ్రాసిన చెల్లులో పంక్తులు స్వేచ్ఛగా సాగుతవి. ముందే ఉన్న ముద్రను తప్పించుకొంటూ వ్రాసినదానిలో చివరి పంక్తులు ఇరుకున పడతవి, అక్షరములు చిన్నవౌతవి, వాక్యము కారణము లేకుండ విరిగి క్రిందికి దిగుతుంది. ఇంకొకటి మడత. ఏండ్లతరబడి పెట్టెలో నాలుగు మడతలతో ఉన్న కాగితములో మడతపడిన చోట నార చిట్లుతుంది. మడత పడకముందు వ్రాసిన అక్షరము అక్కడ శుభ్రముగా ఉంటుంది. పడిన తరువాత వ్రాసినదైతే సిరా ఆ చిట్లినచోట చెదరి, పీల్చుకొని, వెనుకకు కూడ దిగవచ్చును. కాగితమును బల్లపై పెట్టి, దీపము ప్రక్కనుండి వాలుగా పడేటట్లు చేస్తే, కలము నొక్కిన పల్లములు నీడలుగా కనబడతవి. ఇంతకు మించిన పరికరములు ప్రయోగశాలలో ఎన్నో ఉన్నవి. కాని పై జాడలలో సగము మంచి కన్నును, ఒక టార్చిలైటును ఉన్నవానికి చిక్కేవే. వీటిని వెదకవలెనని అతనికి ఎవరైనా చెప్పి ఉండవలె.

వేలిముద్ర చరిత్రయే ఈ పాఠమునకు పీఠిక. చాలమంది వేలిముద్రల శాస్త్రము హంతకులను పట్టుకొనుటకు పుట్టినదనుకొంటారు. కాదు, మాట తప్పేవారిని కట్టడి చేయుటకు పుట్టినది. 1858లో బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డు సామాను సరఫరాకు రాజ్యధర్ కోనాయి అనే ఆసామితో ఒడంబడిక వ్రాయించుకొని, ‘రేపు ఇది నాది కాదంటాడేమో’ అనే శంకతో అతని అరచేతిని సిరాలో అద్ది పత్రము వెనుక ముద్ర వేయించినాడు. 1877లో హుగ్లీ జిల్లాలో ఆయన ఈ పద్ధతిని రిజిస్ట్రేషను కచేరీలో ప్రవేశపెట్టినాడు. చనిపోయినవారి పేరుతో పింఛను తీసుకొనేవారిని అరికట్టుటకు కూడ ఇదే మందు వేసినాడు. అటుపిమ్మట కలకత్తాలో 1897లో ప్రపంచములోనే మొదటిదనదగిన వేలిముద్రల కార్యాలయము వెలసినది. ముద్రల వర్గీకరణకు ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచినది గాని, దాని లెక్కలు కట్టినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు మనవారు. 1899లో సాక్ష్యచట్టమును సవరించి వేలిముద్రల నిపుణుల అభిప్రాయమునకు స్థానము కల్పించినారు.

నూటనలుబది యేండ్లు గడచినవి. ఏ రిజిస్ట్రేషను పత్రమునకు రక్షగా హెర్షెల్ దొర వేలిముద్రను తెచ్చినాడో, ఆ పత్రమే వేలిముద్రకు శత్రువైనది. 2018 జూనులో హైదరాబాదు పోలీసులు మన ఉత్తర తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పట్టుకొన్నారు. పోలీసులు చెప్పిన ప్రకారము, అతడు అంతర్జాలములో అందుబాటులో నున్న భూముల రిజిస్ట్రేషను పత్రముల నుండి వేలిముద్రల నకళ్ళు దించుకొని, రబ్బరుస్టాంపులు చేసే పద్ధతిలో వేలకొలది కృత్రిమపు వేళ్ళను తయారుచేసి, ఎవరెవరి పేర్లతోనో సిమ్ కార్డులను చెల్లుబాటు చేసుకొన్నాడు. విక్రయపు లక్ష్యము పూర్తిచేయుటకు ఇంత శ్రమ! అటువంటి రబ్బరు వేలితో సిమ్ కార్డులే కాదు, ఆధార్ ద్వారా బ్యాంకులోని సొమ్మును కూడ తీసినవారు తరువాత ఇతరచోట్ల దొరికినారు. 2023లో ఆధార్ సంస్థ, యంత్రముపై పెట్టినది సజీవమైన వేలా, నకలా అని పసిగట్టే కొత్త ఏర్పాటును ప్రకటించవలసి వచ్చినది.

ఇందులో గ్రహించవలసినది ఒకటున్నది. మోసగాడు శాస్త్రమును మనకంటె ముందుగానే చదువుతున్నాడు. వానికి పరీక్షలు లేవు, పట్టాలు లేవు. అవసరమే వాని గురువు. పరిశోధకుడు మాత్రము ఉద్యోగములో చేరిన నాడు నేర్చినదానితో ముప్పది యేండ్లు నెట్టుకొని రావలెనంటే ఎట్లా?

ఈ అవసరమును మన దేశము కొంత పెందలకడనే గుర్తించిందనవలె. చేవ్రాతల నిపుణుని పదవి బెంగాలులో 1904లోనే ఏర్పడి, అటుపై సిమ్లాకు మారినది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత పరిశోధకులకు ప్రత్యేక శిక్షణ కొరకు కేంద్ర డిటెక్టివ్ శిక్షణాలయమును 1958లో కలకత్తాలోను, 1964లో హైదరాబాదులోను నెలకొల్పినారు. హైదరాబాదు శిక్షణాలయము రామంతాపూరులో ఉన్నది. కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలయు, వివాదపత్రములను పరీక్షించే ప్రభుత్వ నిపుణుల కార్యాలయమును అక్కడనే ఉండడము విద్యార్థికి గొప్ప వసతి: పాఠము ఒక గోడకు ఇవతల, ప్రయోగము అవతల. ఇక్కడికి దేశములోని నానా రాష్ట్రముల నుండియే గాక విదేశముల నుండి కూడ పోలీసు అధికారులు వచ్చి నేర్చుకొనిపోతారు. హిమాయత్‌సాగరు ఒడ్డున 1986లో వెలసిన రాష్ట్ర పోలీసు అకాడమీకి, 1920 నుండి 1934 వరకు హైదరాబాదు కొత్వాలుగా పనిచేసిన రాజాబహదూర్ వెంకటరామారెడ్డి గారి పేరు పెట్టుట ఎంతయు సముచితముగా ఉన్నది. పోలీసులే గాక లెక్కల పరీక్షకులు కూడ ఈ విద్యలోనికి దిగినారు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ మోసముల పరిశోధనపై ప్రత్యేక పాఠ్యక్రమము నడుపుతున్నది. అమెరికాలో 1988లో మోసపరిశోధకుల సంఘమొకటి స్థాపితమై, పరీక్ష పెట్టి పట్టాలిస్తున్నది.

లెక్కల వారికి ఈ విద్య ఎందుకో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు తన కంపెనీ లెక్కలు అబద్ధములని తానే లేఖ వ్రాసి ప్రకటించినాడు. పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిలువలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవు. ఇంత పెద్ద గోతిని ఇన్నేండ్లు ఎవరూ చూడకపోవడమేమని లోకము విస్తుపోయినది. బ్యాంకులో ఎంత ఉన్నదో బ్యాంకునే నేరుగా అడుగవలెననేది లెక్కల పరీక్షలో మొట్టమొదటి పాఠము. కంపెనీవారు అందించిన కాగితము ఎంత అందముగా ఉన్నా అది బ్యాంకు చెప్పిన మాట కాదు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా నిర్ణయించినది. వారిలో ఇద్దరు లెక్కల పరీక్షకులు. అప్పీలులో పైకోర్టు ఆ శిక్షల అమలును నిలిపినది. కాలభైరవుడు క్షణములో ముగించేదానికి మనకు తొలిమెట్టు తీర్పు రావడానికే ఆరేండ్లు పట్టినది.

కౌటిల్యుడు తన అర్థశాస్త్రములో ఉద్యోగులు రాజధనమును అపహరించే మార్గములు నలుబది లెక్కపెట్టినాడు. నేటి బోధకులు లెక్కల పుస్తకములలోని అంకెలనే సాక్ష్యమునకు పిలిచే ఉపాయములు కూడ చెబుతారు. వీటిలో ఒకటి ఎంతో విచిత్రమైనది. 1881లో సైమన్ న్యూకోంబ్ అనే ఖగోళ పండితుడు సంవర్గమానముల పుస్తకములో మొదటి పుటలే ఎక్కువ నలిగి మాసి ఉండడము గమనించినాడు. 1938లో ఫ్రాంక్ బెన్‌ఫర్డ్ దానిని విస్తరించి చూపినాడు. సహజముగా పుట్టిన లెక్కలలో ఒకటితో మొదలయ్యే సంఖ్యలు నూటికి ముప్పది వరకు ఉంటవి. తొమ్మిదితో మొదలయ్యేవి నూటికి అయిదు కూడ ఉండవు. మోసగాడు ఊహించి వ్రాసిన అంకెలకు ఈ పోకడ తెలియదు. అయితే చిట్టీ వాయిదాల వంటి కట్టుబడి మొత్తములకు ఈ సూత్రము పనికిరాదు. అక్కడ వేరే చూపు కావలె. ఒక సహకార సంఘములో కార్యదర్శి తానొక్కడే యాభైవేల లోపు అప్పు మంజూరు చేయవచ్చునని నిబంధన ఉన్నదనుకొనండి. పుస్తకములో నలుబదితొమ్మిది వేల అప్పులు గుంపులుగా కనబడితే ఆగి చూడవలె. ఆగి చూడవలె అన్నానే గాని, పట్టుకొనవలె అనలేదు.

ఈ భేదమును నేర్పని శిక్షణ శిక్షణ కాదని నా అభిప్రాయము. నిబంధన ప్రకారము రైతులే ఆ మొత్తము అడిగి ఉండవచ్చును. కార్యదర్శి నిర్దోషి కావచ్చును. లెక్కలో తేడా వచ్చిన నాడు ఊరంతా ముందు చూసేది గుమాస్తా ముఖమునే. అతనిని స్టేషనుకు పిలిపించి, సాయంత్రము దాకా బల్లమీద కూర్చుండబెట్టి, ‘ఒప్పుకో’ అంటే, అతడు ఒప్పుకొన్నా ఒప్పుకొనకపోయినా ఊరిలో అతని బ్రతుకు ఆనాటితో సరి. పోలీసు అధికారి ఎదుట ఒప్పుకొన్న మాటను ముద్దాయిపై సాక్ష్యముగా ఋజువు చేయరాదని 1872 నాటి చట్టము చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన కొత్త సాక్ష్యచట్టమును అదే చెబుతున్నది. కనుక ముందు కాగితము, పిమ్మట కాగితములను చూచిన మూడవ మనిషి, అనుమానితుడు చివరివాడు. చేతిలో కాగితములన్నియు చేరిన తరువాత అడిగే ప్రశ్న వేరు. వట్టి చేతులతో అడిగే ప్రశ్న వేరు. అనుమానితుడు నిర్దోషియైతే ఆ క్రమమే అతనిని కాపాడుతుంది.

నిపుణుల మాట కూడ దైవవాక్కు కాదు. చట్టము దానిని ‘అభిప్రాయము’ అనియే అన్నది. చేవ్రాత నిపుణుడు చెప్పినంత మాత్రాన సరిపోదు, ఇతర సాక్ష్యముతో సరిచూచుకొనవలెనని న్యాయస్థానములు పలుమార్లు హెచ్చరించినవి. మంచి నిపుణుడు ‘తేల్చి చెప్పజాలను’ అని వ్రాయుటకు సిగ్గుపడడు. ఆ వాక్యము వ్రాయగల ధైర్యము నేర్పడము కూడ శిక్షణలో భాగమే.

మరి మన రైతు కొడుకు సంగతి? అతని ఫిర్యాదు రామంతాపూరులో పుట్టలేదు, రామారెడ్డిలో పుట్టినది. కొత్త నేరవిచారణ చట్టము ప్రకారము ఏడేండ్లు, అంతకు మించి శిక్షపడదగిన నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు స్వయముగా నేరస్థలమునకు రావలె. రాష్ట్రములు ఈ ఏర్పాటు చేసుకొనుటకు అయిదేండ్ల వ్యవధి ఉన్నది. మోసము చేయుటకై దొంగపత్రము సృష్టించడము ఈ పరిధిలోనికి వస్తుంది. మంచిదే. కాని నిపుణుడు వచ్చేలోపల ఆ కాగితము ఎందరి చేతులలో పడుతుంది? ముందు స్టేషను రైటరు, పిదప వకీలు గుమాస్తా, బ్యాంకు మేనేజరు, సంఘము కార్యదర్శి. పెద్ద శిక్షణాలయములలో మూడు నెలలు చదివిన అధికారి చేతికి అది చేరేసరికి, పిన్నుతో గుచ్చి, పంచి యంత్రముతో రంధ్రము చేసి, వివాదపు సంతకము చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టి ఉంటారు. మడత సాక్ష్యము చెప్పవలసినచోట కొత్త మడత వేసి ఉంటారు. కొందరు అసలు పత్రము ఇంటికి పంపివేసి జిరాక్సు దగ్గర ఉంచుకొంటారు. జిరాక్సులో సిరా లేదు, పల్లము లేదు, నార లేదు. ఇక ప్రయోగశాల ఏమి చూస్తుంది?

అందుచేత ఈ విద్యలో పైమెట్లకంటె క్రిందిమెట్టుకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. దానికి మూడు నెలలు అక్కరలేదు. కామారెడ్డిలో ఒక పూట చాలును. మండలములలోని స్టేషను రైటర్లను, సంఘముల కార్యదర్శులను, బ్యాంకు సిబ్బందిని కూర్చుండబెట్టి, చేయవలసినవి కాక, చేయరానివి చెబితే చాలును. కాగితముపై గుర్తు పెట్టరాదు. కొత్త మడత వేయరాదు. అనుమానితుని చేత నమూనా వ్రాయించేటప్పుడు వివాదపత్రమును అతనికి చూపరాదు. ఒకరు చదువుతుంటే వ్రాయించవలె, వ్రాసిన పుటను వెంటనే తీసివేసి మరల మరల వ్రాయించవలె, ఏ రకపు కలముతో పత్రము వ్రాసి ఉన్నదో అదే రకపు కలము ఇవ్వవలె. వివాదము పుట్టకముందు ఆ మనిషి సహజముగా వ్రాసిన ఉత్తరములు, రసీదులు, పుస్తకములు సంపాదించవలె. నమూనాలకంటె ఇవి పదిరెట్లు విలువైనవి.

పాఠము చివర ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చును. మన రైతు నోటు వంటిది ఒకటి, ఒక కవరు, ఒక కలము ప్రతివానికి ఇచ్చి, ‘దీనిని హైదరాబాదు ప్రయోగశాలకు పంపండి’ అనవలె. చాలమంది నోటును జాగ్రత్తగా కవరులో పెట్టి, అంటించి, బల్లపై పరచి, దానిమీద గట్టిగా నొక్కి చిరునామా వ్రాస్తారు. లోపలి కాగితముపై ఆ చిరునామా అంతా పల్లములుగా దిగుతుంది. షావుకారు కలము నొక్కిన పల్లములతో కలిసిపోతుంది. ముందు చిరునామా వ్రాసి, తరువాత నోటును లోపల పెట్టినవాడు ఆ తరగతిలో ఉత్తీర్ణుడు.